రాతకూలి

తెలుగులో రాసి బతకవచ్చు. కథలు, కవితలు రాసి మాత్రం ఇవాళ బతకలేం. ఫ్రీలాన్స్ రచయితగా నిలదొక్కుకోవాలని సలహా కోసం వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేవి ఈ రెండు మాటలే. మొదటిది వినగానే మొహాలు విప్పారుతాయి, రెండోది వినగానే చిన్నబోతాయి. ఆ రెంటి మధ్య ఉన్న నేల ఎంత, అందులో ఎక్కడ నీళ్లు పడతాయి, ఎక్కడ పడవు అన్నది ఒకసారి కలయజూడాలని ఈ వ్యాసం. ఇరవై ఏళ్లకు పైగా ఏ పత్రికలోనూ, ఏ కంపెనీలోనూ నెలజీతం లేకుండా రాత మీదే ఇల్లు గడుపుకొస్తున్నదాన్ని. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, వాటిని దాచుకోను.

ముందు ఒక మాట సంగతి. తాపీమేస్త్రీకి ఇచ్చేది కూలి. వకీలుకి, డాక్టరుకి ఇచ్చేది ఫీజు. గుమాస్తాకి జీతం. రచయితకు ఇచ్చేది పారితోషికం. పరితోషం అంటే సంతోషం; ఇచ్చేవారు సంతోషించి ఇచ్చేది పారితోషికం. మాట అందమైనదే. కానీ ఎంత ఇవ్వాలన్నది, ఎప్పుడు ఇవ్వాలన్నది ఇచ్చేవారి ఇష్టమన్న అర్థం అందులోనే ఉంది. అడగడం మర్యాద కాదన్న అర్థమూ ఉంది. తెలుగు ఫ్రీలాన్స్ రచయితల కష్టాల్లో సగం అక్కడే పుట్టాయని నా నమ్మకం. రాతను పనిగా లెక్కగట్టి, ధర ముందే చెప్పిన చోటల్లా రచయిత నిలబడ్డాడు. కానుకగా చూసిన చోటల్లా పడిపోయాడు.

పాత సంగతులే చూడండి. 1820ల్లో కడపలో సి.పి. బ్రౌన్ తన బంగళాలో పండితులను, లేఖకులను కూర్చోబెట్టి తాళపత్రాలకు నకళ్లు తీయించాడు, పాఠాలు సరిచూపించాడు. అందుకు తన సొంత జీతంలోంచి వాళ్లకు జీతాలిచ్చాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులు ఆ పని మీద బతికారు. 1829 నాటి వేమన పద్యాల పుస్తకం, 1852 నాటి నిఘంటువు ఆ శ్రమ మీదే నిలబడ్డాయి. పుస్తకం మీద పేరు బ్రౌన్‌ది, పండితుల పేర్లు పరిశోధకులకే తెలుసు. జీతం దొరికింది, పేరు దక్కలేదు. ఈ లెక్క తర్వాతి రెండు వందల ఏళ్లలోనూ పెద్దగా మారలేదు, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇరవయ్యో శతాబ్దంలో తెలుగు రచయితకు ధర ముందే చెప్పిన సంస్థ ఆకాశవాణి. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యాయి. ప్రసంగమో నాటికో అడిగినప్పుడు కేంద్రం నుంచి ఒక కాంట్రాక్టు పత్రం వచ్చేది. ఏ తేదీన, ఎన్ని నిమిషాలు, ఎంత మొత్తం అన్నవి అందులో ఉండేవి. సంతకం చేసి పంపితేనే రికార్డింగు. మొత్తం చిన్నదే. అయినా కవులూ పండితులూ ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకునేవారు. తమ రాతకు ఒక అంకె ఉందని వాళ్లకు చెప్పిన మొదటి కాగితం అదే.

ఆ తర్వాత వారపత్రికల కాలం. 1960ల నుంచి 1980ల చివరి దాకా తెలుగులో నవలా రచయిత ఒకే రాతను మూడుసార్లు అమ్ముకోగలిగాడు: సీరియల్‌గా పత్రికకు, పుస్తకంగా ప్రచురణకర్తకు, కథగా సినిమాకు. యద్దనపూడి సులోచనారాణి 'మీనా' 1973లో, 'సెక్రటరీ' 1976లో తెరకెక్కాయి. ఎమెస్కో వారి 'ఇంటింటా గ్రంథాలయం', సందు సందునా అద్దె పుస్తకాల షాపులు ఆ బండికి చక్రాలు. చార్టర్డ్ అకౌంటెంటుగా ఉన్న యండమూరి వీరేంద్రనాథ్ ఉద్యోగం మానేసి రాతలోకి రాగలిగింది ఈ మూడంచెల సంపాదన ఉన్నందువల్లే. ఆడవాళ్ల నవలలకు గిరాకీ ఎంతుండేదంటే, మగవాళ్లు కూడా ఆడపేర్లతో రాశారు. అద్దె షాపుల్లో అరిగిపోయిన అట్టలు తప్ప సాహిత్య చరిత్ర ఆ కాలాన్ని తగినంత పట్టించుకోలేదని నా ఫిర్యాదు. రచన మీద వచ్చిన డబ్బుతో పిల్లల్ని చదివించుకున్న తరం అది. దాని లెక్కలు ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ బండి ఆగిపోయింది. ముందు టీవీ సీరియళ్లు పాఠకురాలిని తీసుకెళ్లాయి, తర్వాత ఫోను తీసుకెళ్లింది. 2020లో కోవిడ్ వచ్చేసరికి మిగిలిన స్తంభాలూ కదిలాయి. 'ఆంధ్రభూమి' అచ్చు ఆగింది, 'నవ్య' వారపత్రిక ఆగింది. 1978లో మొదలైన 'విపుల', 'చతుర' 2021లో మూతపడ్డాయి. చతురలో నవల పడితే కొత్త రచయితకు రాష్ట్రమంతా పాఠకులు దొరికేవారు, చెక్కు కూడా ఇంటికి వచ్చేది. ఆ రెండూ ఒకేచోట దొరికే పత్రికలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. 'స్వాతి' వంటివి నిలిచాయి. దినపత్రికల ఆదివారం సంచికలు కథలు వేస్తున్నాయి. 1998 నుంచి అమెరికా తెలుగువారు నడుపుతున్న 'ఈమాట' మొదలుకొని వెబ్ పత్రికలు మంచి సాహిత్యాన్ని నిలబెడుతున్నాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం నడిపేవారి శ్రమదానం మీద, రాసేవారి శ్రమదానం మీద బతుకుతున్నవే. పోటీలు ఉన్నాయి. చంద్రలత 'రేగడి విత్తులు' 1997లో తానా నవలల పోటీలో బహుమతి పొంది తెలుగు పాఠకుల ముందుకొచ్చింది. కానీ పోటీ బహుమతి పండగనాటి కొత్త బట్టలాంటిది. ఏడాదంతా కట్టుకునే బట్ట వేరే ఉండాలి.

ఆ ఏడాది పొడవునా ఉండే పని ఎక్కడుంది?

మొదటిది అనువాదం. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే తెలుగు ఫ్రీలాన్సర్లలో ఎక్కువమందికి అన్నం పెడుతున్నది ఇదే. సాహిత్యానువాదం అందులో చిన్న ముక్క. సాహిత్య అకాడమీ, నేషనల్ బుక్ ట్రస్ట్, 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వంటివి అనువాదాలు చేయిస్తాయి. పేరు వస్తుంది, డబ్బు కొద్దిగా వస్తుంది. పెద్ద ముక్క అంతా పేరు కనబడని పని. ఫోన్లో బ్యాంకు యాప్ తెలుగులో కనిపిస్తే, బీమా పాలసీ షరతులు తెలుగులో వస్తే, మందు పెట్టెలో కాగితం తెలుగులో ఉంటే, వాటి వెనుక ఎక్కడో భీమవరంలోనో కరీంనగర్‌లోనో ఇంట్లో కూర్చుని రాసిన మనిషి ఉన్నాడు. పని ఢిల్లీ, బెంగళూరు ఏజెన్సీల ద్వారా వస్తుంది, అమెరికా, ఐర్లండ్ నుంచి కూడా వస్తుంది. లెక్క పదాల మీద.

ఈ పనిని చులకనగా చూసేవాళ్లు దాన్ని చేసి ఎరగరు. ఒక యాప్‌లో 'ఫలానావారు మీకు ఫొటో పంపారు' అన్న వాక్యం తీసుకోండి. పేరు ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోకి రవి వస్తాడో, రజియా వస్తుందో, రాజేశ్వరి వస్తుందో రాసేవాడికి తెలియదు. 'పంపాడు' అనలేం, 'పంపింది' అనలేం. 'పంపారు' అని గౌరవవాచకంతో గట్టెక్కాలి. అదే ఖాళీ పక్కన విభక్తి పెట్టాల్సి వస్తే 'కి' పెట్టాలా 'కు' పెట్టాలా అన్నది పేరు చివరి అచ్చును బట్టి మారుతుంది, కాబట్టి విభక్తే అక్కర్లేకుండా వాక్యం తిప్పి రాయాలి. ఇలాంటివి రోజుకు రెండు మూడు వందలు తగులుతాయి. పాణిని సూత్రాలు చదివినవాడికన్నా ఊళ్లో అమ్మలక్కల మాట విన్నవాడు ఇక్కడ బాగా రాస్తాడు.

ఇంకా బరువైన పని వైద్య పరిశోధనలది. కొత్త మందును మనుషుల మీద పరీక్షించేటప్పుడు రోగి సంతకం పెట్టే సమ్మతి పత్రం అతని భాషలో ఉండి తీరాలి. హైదరాబాద్ చుట్టూ మందుల కంపెనీలు, పెద్దాసుపత్రులు ఉన్నాయి కాబట్టి తెలుగు పత్రాల పని ఆగదు. మనం తెలుగు చేసినదాన్ని మరో అనువాదకుడు అసలు చూడకుండా తిరిగి ఇంగ్లీషులోకి చేస్తాడు. రెండు ఇంగ్లీషులూ కలవకపోతే పత్రం మన దగ్గరికే తిరిగొస్తుంది. 'ప్లసీబో' అన్నచోట 'చూడ్డానికి మందులాగే ఉండి, మందు లేని మాత్ర' అని రాయాలి. 'డబుల్ బ్లైండ్' అన్నచోట 'మీకు ఏది ఇస్తున్నారో మీకూ తెలియదు, మీ డాక్టరుకూ తెలియదు' అని రాయాలి. సంతకం చేయబోయేది ఒక వ్యవసాయ కూలీ కావచ్చు. అతనికి అర్థం కాకపోతే అది సమ్మతే కాదు. నా ఇన్నేళ్ల రాతలో ఎవరూ నా పేరుతో చదవని ఈ పేజీలే అన్నిటికన్నా బాధ్యతగా రాసినవి.

ఈ దారి మన పెద్దవాళ్లు నడవనిది కాదు. రాచమల్లు రామచంద్రారెడ్డి 1970ల్లో మాస్కో వెళ్లి ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేశాడు. తెలుగులో పదునైన విమర్శకుడాయన. ఆయన 'అనువాద సమస్యలు' పుస్తకానికి 1988లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. జీతానికి అనువాదం చేసిన చేయి ఆ పుస్తకంలో అడుగడుగునా తెలుస్తుంది. అనువాదంలోకి దిగే ప్రతివారూ పట్టుబట్టి చదవాల్సిన పుస్తకం.

రెండో పెద్ద చెరువు తెర, చెవి. డబ్బింగు తెలుగువారికి కొత్త కాదు. 1950లో 'నీరా ఔర్ నందా' అన్న హిందీ చిత్రాన్ని 'ఆహుతి'గా తెలుగు చేసినప్పుడు మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీ. పెదాలు మూసుకునే చోట ప, బ, మ పడాలి. నోరు తెరిచిన చోట ఆ-కారం పడాలి. ఛందస్సు తెలిసినవాడికి ఇది మరో ఛందస్సు. ఇవాళ ఓటీటీల పుణ్యమా అని కొరియన్ ధారావాహికలు, హాలీవుడ్ సినిమాలు, మలయాళ చిత్రాలు అన్నీ తెలుగులో మాట్లాడుతున్నాయి, కింద అక్షరాలూ వేసుకుంటున్నాయి. సబ్‌టైటిల్ రాత వేరే విద్య: తెర మీద వాక్యం నిలిచే రెండు మూడు క్షణాల్లో కన్ను చదివేయగలిగినంతే రాయాలి.

చెవి సంగతి ఇంకా కొత్తది. ఆడియో కథల యాప్‌లకు వందల ఎపిసోడ్లు సాగే సీరియళ్లు కావాలి. రోజుకు ఇన్ని పదాలు, ప్రతి ఎపిసోడ్ చివరా ఒక ముడి. 'తరువాయి వచ్చేవారం' చూసి పెరిగిన తరానికి ఈ కిటుకు ఒంటబట్టినదే, వారం స్థానంలో రోజు వచ్చిందంతే. డబ్బు క్రమంగా వస్తుంది. కానీ చాలా ఒప్పందాల్లో కథ మీద హక్కులన్నీ కంపెనీవే. రెండేళ్లు రాసిన ఆరు లక్షల పదాల మీద మనకు ఏమీ మిగలదు. ప్రతిలిపి వంటి వేదికల్లో హక్కు రచయిత దగ్గరే ఉంటూ, పాఠకుల చందాల్లో వాటా వచ్చే పద్ధతి ఉంది. అక్కడ సంపాదన పాఠకుల సంఖ్య మీద ఆధారపడుతుంది కాబట్టి మొదటి ఏడాది చేతికి వచ్చేది తక్కువ. నన్నడిగితే, ఊపిరి ఉన్నవాళ్లు రెండో దారే పట్టాలి.

మాండలికానికి ఇప్పుడు ధర పలుకుతోంది. ఇది నాకు ఎంతో సంతోషం కలిగించే మార్పు. ఒకప్పుడు తెలంగాణ మాట తెరమీద విలన్ అనుచరుడికీ, హాస్యగాడికీ పరిమితం. 2023లో 'బలగం' వచ్చి, ఒక ఊరు మొత్తం తన మాటలోనే ఏడ్చి నవ్వగలదని చూపింది. ఇప్పుడు సంభాషణల్ని కరీంనగర్ యాసలోకో, సీమ యాసలోకో, ఉత్తరాంధ్ర యాసలోకో తిరగరాయడానికి ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టుకుంటున్నారు. మీ అమ్మమ్మ మాట మీకు తెలిస్తే, అది మీ పెట్టుబడి.

మిగిలినవి తొందరగా చెబుతాను. జిల్లాల్లో పారిశ్రామికవేత్తల, నాయకుల జీవిత చరిత్రలు రాసిపెట్టే పని ఎప్పుడూ ఉంటుంది. అభినందన సంచికలు, సావనీర్లు ఉంటాయి. ఎన్నికల ఏడాదిలో ప్రసంగాలు, పాటలు, కరపత్రాలు. యూట్యూబ్ చానళ్లకు స్క్రిప్టులు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కాలం నుంచీ పాఠ్యపుస్తకాల రచన. ఇంగ్లీషు బాగా వచ్చినవారికి హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల టెక్నికల్ రైటింగ్. డబ్బు అక్కడే ఎక్కువ. విలేకరి పని మాత్రం కొత్తవాళ్లకు నేను సిఫారసు చేయను. 1989లో 'ఈనాడు' జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టాక మండలానికొక కంట్రిబ్యూటర్ వచ్చాడు, మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. అచ్చయిన వార్తను కొలిచి 'లైన్ అకౌంట్' ఇవ్వడం పద్ధతి. రాత్రింబవళ్లు తిరిగిన మనిషికి ఆ కొలతలో పెట్రోలు ఖర్చు కూడా రాని నెలలున్నాయి. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం నీడ అతని మీద పడలేదు. తెలుగు పత్రికా రంగం తీర్చుకోవాల్సిన అప్పు ఇది.

ఇక పని ఎలా దొరుకుతుంది? డిగ్రీ ఎవరూ అడగరు. నమూనా అడుగుతారు. మూడు నమూనాలు సిద్ధంగా పెట్టుకోండి: ఒక వ్యాసం, ఒక అనువాదం, ఒక సంభాషణ. ఎవరికి పంపుతున్నారో వాళ్ల పత్రిక, వాళ్ల యాప్ నెల రోజులు చదివి పంపండి. ఒక పత్రికలో 'చేశారు' రాస్తారు, మరోచోట 'చేసారు' రాస్తారు. వాళ్ల పద్ధతిలో రాసి పంపినవాడి కాగితం సబ్ ఎడిటర్ చేతిలో రెండు నిమిషాలు ఎక్కువ నిలుస్తుంది. టైపింగు సొంతంగా రావాలి, అదీ రెండు రకాలుగా. వెబ్‌కు యూనికోడ్ కావాలి, అచ్చు ప్రపంచంలో చాలా భాగం ఇంకా 'అను' ఫాంట్ల మీద నడుస్తోంది. ఒకదాన్నుంచి మరోదానికి మార్చినప్పుడు ఒత్తులు ఎక్కడ చెదురుతాయో తెలిసినవాడు పబ్లిషర్‌కు రెండింతల ఉపయోగం.

పరీక్ష కోసం రెండు మూడు వందల పదాలు ఉచితంగా చేయమంటే చేయండి. రెండు వేల పదాలు అడిగితే అది పరీక్ష కాదు, పని. డిపాజిట్ కట్టమనేవాళ్లు, తప్పులకు పెనాల్టీ అంటూ వకీలు నోటీసు చూపించి బెదిరించేవాళ్లు టైపింగు పనుల పేరుతో తిరుగుతున్నారు. రాతపని ఇచ్చేవాడు రాసేవాడి దగ్గర డబ్బు తీసుకోడు. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. తెలియని విదేశీ క్లయింటు పొరపాటున ఎక్కువ డబ్బు పంపానని, కొంత వెనక్కి పంపమని అంటే జవాబివ్వడం మానేయండి.

ధర సంగతి. పదానికి రూపాయి వస్తుందనుకుందాం, లెక్క సులువు కోసం. మంచి అనువాదకుడు రోజుకు రెండు వేల పదాలకు మించి శుభ్రంగా చేయలేడు. నెలలో ఇరవై రోజులు పని దొరికితే నలభై వేలు. కానీ పని వెతుక్కునే రోజులు, దిద్దుబాట్ల రోజులు, డబ్బు కోసం ఫోన్లు చేసే రోజులు ఉంటాయి. వాటికి ఎవరూ ఇవ్వరు. కాబట్టి ఏడాదికి తొమ్మిది నెలల సంపాదనే చేతికొస్తుందని లెక్కేసుకుని ధర చెప్పాలి. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, ఆరోగ్య బీమా సొంతంగా కట్టుకోవాలి. ఏజెన్సీలు నలభై అయిదు, అరవై రోజులకు గానీ చెల్లించవు. మూడు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకుండా ఉద్యోగం మానకండి. ఒకే క్లయింటు మీద సగానికి మించి సంపాదన ఆధారపడనివ్వకండి.

ధర ముందే మాట్లాడకపోతే ఏమవుతుందో నాకు అనుభవం. ఒక ప్రచురణ సంస్థ మూడు వందల పేజీల పుస్తకం అనువాదానికి ఇచ్చింది. "ఎంత ఇస్తారండీ?" అని అడిగితే, "మీరు మనవాళ్లమ్మా, చూసుకుందాం లెండి" అన్నారు. ఎనిమిది నెలలు చేశాను. రెండేళ్ల తర్వాత మూడో వంతు వచ్చింది. రెండో ముద్రణ వచ్చిందని కోఠీలో ఒక దుకాణంలో పుస్తకం చూసి తెలుసుకున్నాను. మా అబ్బాయి ఇంటరు ఫీజు ఆ ఏడాది బంగారం కుదువపెట్టి కట్టాం. ఆ రోజు నుంచి 'చూసుకుందాం' అన్న మాట వినబడితే నేను కలం ముట్టలేదు.

కోపం పక్కనపెట్టి చట్టం చదివాక తెలిసింది, బలం మన వైపే ఎక్కువ ఉందని. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగిగా రాసినదాని మీద హక్కు సాధారణంగా యజమానిది. ఫ్రీలాన్సర్‌గా రాసినదాని మీద మొదటి హక్కు రచయితది. దాన్ని ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి, నోటిమాట చెల్లదు. ఆ కాగితంలో ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే ఇచ్చినట్టు. హక్కు అమ్ముకున్నా, ఇది నేను రాశానని చెప్పుకునే హక్కు రచయిత దగ్గరే ఉంటుంది. 2012 సవరణతో సినిమా పాటల, మాటల రచయితలకు సినిమా హాలు బయట జరిగే వాడకాల మీద రాయల్టీలో సమాన వాటా వచ్చింది. దాన్ని నిర్మాతకు వదులుకుంటున్నానని రాసిచ్చినా అది చెల్లదు. ఈ విషయం తెలియక వదులుకున్నామనుకుంటున్న పాటల రచయితలు ఇవాళ్టికీ ఉన్నారు.

హక్కు కాగితం మీద ఉండటం వేరు, తేదీతో రుజువు ఉండటం వేరు. స్వాతిలో అచ్చయిన ఒక నవల కథను 'శ్రీమంతుడు' సినిమాకు వాడుకున్నారని రచయిత చేసిన ఫిర్యాదు నాంపల్లి కోర్టులో మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 జనవరిలో అక్కడ దర్శకుడికి ఊరట దొరకలేదు. ఆరోపణ నిజానిజాలు తేల్చాల్సింది కోర్టులు. కానీ ఒక వారపత్రిక నవలాకారుడు అంత దూరం నిలబడగలిగాడంటే, తేదీతో సహా అచ్చయిన పేజీ చేతిలో ఉండటం అందుకు ఎంత బలమో వేరే చెప్పాలా? అచ్చుకాని కథను సినిమావాళ్లకు చెప్పేముందు రచయితల సంఘంలో నమోదు చేయించండి. చెప్పాక ఆ రోజే సారాంశం మెయిల్ చేయండి.

పన్ను గురించి రెండు ముక్కలు. సంస్థలు పది శాతం టీడీఎస్ కోసుకుని ఇస్తాయి. పాన్ ఇవ్వకపోతే అది ఇరవై శాతం అవుతుంది. మీ ఆదాయం పన్ను కట్టేంత లేకపోయినా రిటర్ను వేయండి, ఆ డబ్బు వెనక్కి వస్తుంది. నా పరిచయస్థుల్లో పదేళ్లపాటు ఆ డబ్బు వదిలేసుకున్నవారున్నారు. ఏడాదికి ఇరవై లక్షలు దాటనంతవరకూ సేవల మీద జీఎస్టీ నమోదు అక్కర్లేదు.

యంత్రం సంగతి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తికాదు. 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక పని తగ్గింది. తగ్గలేదనే వాళ్లను నమ్మకండి. వెబ్‌సైట్లకు కిలోల లెక్కన రాసే వ్యాసాలు, ఉత్పత్తుల వివరణలు యంత్రానికి వెళ్లిపోయాయి. అనువాదంలో ఇప్పుడు చాలా ఏజెన్సీలు యంత్రం చేసినదాన్ని దిద్దమంటున్నాయి, పాత ధరలో సగానికి. అసలు నుంచి చేయడం కన్నా అది ఒక్కోసారి ఎక్కువ సమయం తింటుంది. దిద్దే పనికి పదాల లెక్క ఒప్పుకోకండి, గంటల లెక్క అడగండి. యంత్రం ఎక్కడ తడబడుతుందో రోజూ చూస్తున్నాను. ఇంగ్లీషులో 'కజిన్' అని ఉంటే అది మేనత్త కొడుకో, పెదనాన్న కూతురో దానికి పట్టదు. పెళ్లి సంబంధం నడిచే కథలో ఆ ఒక్క మాట మొత్తం కథను తలకిందులు చేస్తుంది. కోడలు మామగారిని 'నువ్వు' అనేస్తుంది. పేరంటానికీ పార్టీకీ తేడా ఉండదు. యంత్రానికి తెలుగు నేర్పడానికి కూడా ఇప్పుడు తెలుగు తెలిసినవాళ్లను పెట్టుకుంటున్నారు, అదీ ఒక పనే. మాటకు మాట పెట్టి అనువాదం అనుకున్నవారికి ఇక చోటు లేదు. తెలుగు లోతు తెలిసినవారికి ఉంది, కానీ ధర కోసం మునుపటికన్నా గట్టిగా నిలబడాలి.

మరి కథలో, కవిత్వంలో ప్రాణం ఉన్నవాళ్లు ఏం చేయాలి? ఆరుద్ర చేసిందే చేయాలి. ఆయన సినిమా పాటలు రాశాడు, పత్రికలకు రాశాడు, ఆ సంపాదనతో ఇల్లు నడుపుకుంటూ 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' సంపుటాల కొద్దీ రాశాడు. ఒక విశ్వవిద్యాలయం చేయాల్సిన పని ఒక పాటల రచయిత తన డబ్బుతో, తన సమయంతో చేశాడు. అన్నం పెట్టే రాతకు ఆయన సిగ్గుపడలేదు. పేరు తెచ్చే రాతను దాని కోసం వదులుకోలేదు. నేను ఉదయం అయిదు నుంచి ఏడున్నర దాకా నా కథ రాసుకుంటాను. ఆ తర్వాతి గంటలన్నీ క్లయింట్లవి. ఈ సరిహద్దును పదిహేనేళ్లుగా చెరగనివ్వలేదు. నాకున్న రెండు కథా సంపుటాలు ఆ రెండున్నర గంటలవే.

పేరు సంగతి మళ్లీ ఎత్తుతానన్నాను. 'చందమామ'లో తరతరాల పిల్లల్ని కట్టిపడేసిన సీరియళ్లు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. ఆ పేజీల మీద ఆయన పేరు లేదు. చదివిన పిల్లలు పెద్దవాళ్లై, తల నెరిశాక ఆ పేరు వెతికి పట్టుకున్నారు. బ్రౌన్ బంగళాలోని పండితుల నుంచి బ్యాంకు యాప్ రాసిన భీమవరం మనిషి దాకా ఇదే వరస. పుస్తకానువాదంలో అట్ట మీద, సినిమాలో తెర మీద, ఆడియో సీరియల్లో ప్రతి ఎపిసోడ్ చివర మీ పేరు అడగండి. దానికి వాళ్లకు ఖర్చేమీ కాదు, మీకు మాత్రం తర్వాతి పని అక్కణ్నుంచే వస్తుంది.

చివరగా పత్రికల, ప్రచురణ సంస్థల సంపాదకులకు ఒక విన్నపం. రచనలు ఆహ్వానిస్తూ మీరు వేసే ప్రకటనల్లో నిడివి ఎంతో చెబుతారు, గడువు చెబుతారు, ఏ ఫాంటులో పంపాలో చెబుతారు, ఇంకెక్కడా అచ్చు కాలేదని హామీపత్రం కూడా అడుగుతారు. వాటి కిందే ఇంకొక్క వరస వేయండి: అచ్చయితే ఎంత ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు. ఇచ్చేది అయిదు వందలైనా ఫర్వాలేదు. ఏమీ ఇవ్వలేమంటే ఆ మాటే వేయండి. పంపాలో వద్దో రాసినవారే నిర్ణయించుకుంటారు.